మీ పక్క మీ ఇష్టం

ముసలాయనకి గడ్డం గీయడం దాదాపు అయిపోవచ్చింది. బతికున్నవాళ్ళయితే లోపలినుంచి నాలుకతో బుగ్గ ఎత్తిపెట్టి కొంత సాయం చేస్తారు. ఇక్కడ ఆ సాయం ఉండదు. ఎడమచేతి వేళ్ళతో చర్మాన్ని చెవి వైపుకి లాగి పట్టుకుని, కుడిచేత్తో బ్లేడుని మెల్లగా కిందికి దింపాలి. తొందరపడితే గాటు పడుతుంది. పడిన గాటు ఇక మానదు. అందుకని అతను తొందరపడడు. ఆస్పత్రి మొత్తంలో తొందర లేని ఉద్యోగం తనదొక్కటేనని తనే జోకు వేస్తుంటాడు, వినేవాళ్ళు దొరికినప్పుడు.

తడిగుడ్డతో మొహం తుడిచి, సొరుగులోంచి దువ్వెన తీశాడు. ఆయన పాపిడి ఎటు తీసేవారో తెలియదు. వెంట్రుకలు వాటంతటవి ఎటు వాలుతున్నాయో చూసి అటే దువ్వాడు. ఇంటివాళ్ళు పొద్దున కౌంటరులో ఒక శాలువా ఇచ్చి వెళ్ళారు. దాన్ని దులిపి, మెడ దాకా కప్పి, అంచులు భుజాల కిందికి దోపాడు.

"వాళ్ళకి చలేంటయ్యా" అన్నాడు సూపర్‌వైజరు. ఆయన ఎప్పుడొచ్చినా గడప అవతలే నిలబడి, మెడ మాత్రం లోపలికి పెట్టి మాట్లాడతాడు.

"ఇచ్చినవాళ్ళకి వేస్తుంది కదండీ."

సూపర్‌వైజరు నవ్వాడో లేదో తెలియలేదు. సెలవు దొరికిందని చెప్పి, ఆ కాగితం తలుపు పక్కనున్న బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. చేతికి ఇవ్వడు. ఆయనే కాదు, ఎవరూ ఇవ్వరు. అలా ఇవ్వకూడదని ఎవరూ అనుకుని చెయ్యరు. చేతులు వాటంతటవే బల్ల వైపుకి వెళ్ళిపోతాయి.

చేతులు కడుక్కుంటూ ఉండగా ఫోను మోగింది. మేనకోడలు.

"మామయ్యా, టికెట్ తీసేశాను. విమానం."

"విమానమెందుకే, రైల్లో పడి వచ్చేవాణ్ణిగా?"

"నువ్వు రైల్లో పడి వచ్చేలోపు అమ్మ కంటి ఆపరేషనూ అయిపోతుంది, కట్టూ విప్పేస్తారు. డాక్టరు ముందుకి జరిపాడు. సరే గానీ విను, ఇందులో కొత్తగా ఒకటి పెట్టారు. పక్కన ఎవరు కూర్చుంటున్నారో ముందే చూసుకుని సీటు తీసుకోవచ్చు. 'మీ పక్క మీ ఇష్టం' అని పేరు." నవ్వింది. "పేరు పెట్టినవాడెవడో గానీ, మంచాలు అమ్ముతున్నట్టుంది."

"బాగానే ఉంది. నా ఉద్యోగం కూడా పక్కలు వెయ్యడమే కదా."

అటునుంచి నవ్వు ఆగిపోయింది. "అలాంటి మాటలనకు మామయ్యా" అంది.

చిన్న విమానం, నడవకి అటు రెండు, ఇటు రెండు సీట్లు. ఫోనులో బొమ్మ వస్తుంది. సీటు తీసుకున్నవాళ్ళందరూ చిన్న చిన్న మనుషుల బొమ్మలుగా కనిపిస్తారు. బొమ్మ మీద వేలు పెడితే ఆ మనిషి తన గురించి రాసుకున్న రెండు ముక్కలు కనబడతాయి. నచ్చితే పక్కన కూర్చోవచ్చు, ఒక మాట రాసి పలకరించనూ వచ్చు. అతనికి కిటికీ పక్క సీటు తీసుకుని మేనకోడలే రాసింది: "ఆస్పత్రి ఉద్యోగి. కబుర్లంటే ఇష్టం."

"కబుర్లంటే ఇష్టమని నీకెవరు చెప్పారే?"

"ఫోను చేస్తే పెట్టనివ్వవు కదా, ఇంకా ఒకరు చెప్పాలా."

మధ్యాహ్నం క్యాంటీన్లో అతను తన బల్ల దగ్గర కూర్చున్నాడు. చేతులు కడుక్కునే తొట్టి పక్కనున్న బల్ల అది. ఆ బల్ల అతనిదని ఎక్కడా రాసి లేదు. అయినా జనం కిటకిటలాడే వేళ కూడా మిగిలిన కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. కంచం పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి తినేవాళ్ళున్నారు గానీ అక్కడ కూర్చునేవాళ్ళు లేరు. కొన్నాళ్ళ కిందట ఒక చిన్న నర్సు మాత్రం కూర్చుంది. ఉద్యోగం పర్మనెంటయిన ఆనందంలో ఏ బల్లో చూసుకోలేదు. అందరికీ చెప్పినట్టే అతనికీ చెప్పింది. అతను సంతోషం పట్టలేక, పెద్దవాళ్ళు ఎవరైనా అనేమాటే, "చల్లగా ఉండమ్మా" అన్నాడు.

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. క్యాంటీనంతా గొల్లున నవ్వింది. చల్లగది చూసుకునే మనిషి చల్లగా ఉండమని దీవిస్తే ఎలా ఉంటుందో అప్పటిదాకా అతనికి తట్టలేదు. ఆ రోజునుంచి అతని పేరే చల్లగది అయిపోయింది. ఇంటికెళ్ళేవాళ్ళతో "మళ్ళీ రండి" అనడం ఎప్పుడో మానేశాడు. ఇప్పుడు ఇది కూడా మానేశాడు. ఎవరైనా మంచి కబురు చెబితే తల ఊపి ఊరుకుంటాడు. నోటిదాకా వచ్చిన దీవెన వెనక్కి మింగడమంత కష్టం ఇంకోటి లేదని అతనికి తెలుసు.

అన్నం కలుపుకుంటూ ఉండగా ఫోను వణికింది. అతని పక్క సీట్లో ఒక బొమ్మ కూర్చుని ఉంది.

ఎడమచేత్తో వేలు పెట్టి చూశాడు. "కుట్లు, అల్లికలు నేర్పే టీచర్ని. రిటైరయ్యాను. విమానమంటే భయం. మాట్లాడుతూ ఉంటే భయం తెలియదు."

కింద ఒక మాట కూడా రాసింది. "నమస్కారమండీ. ఆస్పత్రి అన్నారు కదా అని ధైర్యంగా మీ పక్కకి వచ్చాను. మీరు ఏ విభాగంలో చేస్తారు?"

అతనికి ఎంత సంతోషం వేసిందంటే, అన్నం సంగతి మర్చిపోయాడు. అంత విమానంలో ఏరికోరి తన పక్కకి వచ్చిందొక మనిషి. చెయ్యి కడుక్కుని వచ్చి ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాశాడు. "చల్లగదిలో అండి."

"మందులు దాచేదా?"

అవునని రాస్తే సరిపోయేది. అతను కాసేపు అక్షరాల వైపు చూశాడు.

"కాదండి. చనిపోయినవాళ్ళని ఇంటివాళ్ళు వచ్చేదాకా ఉంచే గది."

జవాబు రాలేదు. ఆవిడ కూడా భోజనం చేస్తోందేమో అనుకున్నాడు. ఫోనులో చార్జింగు అయిపోయిందేమో అనుకున్నాడు. కంచం కడిగి పెట్టి మళ్ళీ చూస్తే పక్క సీటు ఖాళీగా ఉంది. ఆ బొమ్మ బాగా ముందుకి వెళ్ళి, ఇంకెవరి పక్కనో కూర్చుని ఉంది. వేలు పెట్టి చూశాడు. అవే మాటలు. మాట్లాడుతూ ఉంటే భయం తెలియదు.

*

సాయంత్రం గదికి వచ్చి, టీ పెట్టుకుని, మంచం అంచున కూర్చుని మళ్ళీ ఫోను తెరిచాడు. విమానం మెల్లమెల్లగా నిండుతోంది. ఒక్కో బొమ్మా వచ్చి ఒక్కో సీట్లో చేరుతోంది. తన వరుస పక్కనుంచే పోతున్నట్టుంది గానీ ఎవరూ ఆగడం లేదు. అతని పేరు కింద ఇప్పటికీ ఆస్పత్రి ఉద్యోగి అనే ఉంది. టీచరు ఎవరికీ చెప్పి ఉండదు, చెప్పే వీలూ లేదు. అయినా అందరికీ తెలిసిపోయిందనే అనిపించింది. క్యాంటీను బల్ల తనకంటే ముందే విమానం ఎక్కి కూర్చున్నట్టుంది.

మేనకోడలికి చెప్పాడు. చెప్పకూడదనుకుంటూనే చెప్పాడు.

"అడిగిన వెంటనే అంతా కక్కెయ్యాలా మామయ్యా?" అని విసుక్కుంది. "ఉండు, స్టోర్‌కీపరని మార్చేస్తాను. అబద్ధమేం కాదుగా. జాగ్రత్తగా దాచి, అడిగినప్పుడు ఇవ్వడమేగా నీ పని."

అతను వద్దనలేదు. టీ తాగేలోపే ఒక బొమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఇంజినీర్ని. క్రికెట్టు, రాజకీయాలు దేనికైనా సై" అని రాసుకున్నాడు. "స్టోర్‌కీపరుగారూ, కిటికీ సీటు కొట్టేశారు. దిగేటప్పుడు కాసేపు నాకిస్తారా?" అని రాశాడు. అతను "తప్పకుండా" అని రాశాడు. ఆ రాత్రి పడుకునే ముందు రెండుసార్లు బొమ్మ ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. అయినా తన పక్కన కాదు, ఇంకెవరో స్టోర్‌కీపరు పక్కన కూర్చున్నట్టుంది.

మర్నాడు పొద్దున్నే ముసలాయన కూతురు వచ్చింది. తీసుకెళ్ళే బండి ఇంకా రాలేదు. గడప దగ్గర నిలబడింది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"నిన్నటినుంచీ మా నాన్న దగ్గర ఎవరున్నారు?"

"నేనున్నానమ్మా."

ఆమె అతన్ని తల దగ్గరనుంచి కాళ్ళ దాకా చూసింది. తరువాత తండ్రి మొహం చూసింది.

"గడ్డం మీరే చేశారా?"

"అవునమ్మా."

"ఇక్కడ పడ్డాక పెరిగిపోయింది. ఆయనకి అసలు గిట్టదు." శాలువా అంచు దగ్గర ఆమె చూపు ఆగింది. దాన్ని ఎవరో శ్రద్ధగా దోపారని తెలుస్తూనే ఉంది. తెచ్చిన బట్టల సంచీ బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

అతను బట్టలు తీసి మడతలు విప్పుతూ తను అన్న మాటే తలుచుకున్నాడు. నేనున్నానమ్మా. ఎంత తేలిగ్గా వచ్చింది నోటికి. తడుముకోలేదు. ఆ మాట అనడానికి ఆస్పత్రి అంతటికీ తనొక్కడే ఉన్నాడు. ఫోనులో మాత్రం తను లేడు. అతనికి సిగ్గేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయాడు.

బండి వెళ్ళిపోయాక మేనకోడలికి ఫోను చేశాడు.

"ఉన్నదున్నట్టు రాయమ్మా. చల్లగదిలో చేస్తాడని."

"అలా రాస్తే ఎవరూ కూర్చోరు మామయ్యా. నా మాట విను."

"కూర్చోకపోతే కాళ్ళు చాపుకుంటాను. నలుగురికీ దొరకని భోగం."

"నీకు తోడు ఉంటుందనే కదా నేను" అని ఆగిపోయింది.

"తెలుసు తల్లీ. రాయి."

రాసింది. ఇంజినీరు మధ్యాహ్నం దాకా ఉన్నాడు. మధ్యాహ్నం వెళ్ళిపోయాడు. ఇక ఆ సీట్లోకి ఎవరూ రాలేదు.

*

విమానంలో కిటికీ పక్కన కూర్చుని అతను ఎక్కేవాళ్ళందరినీ చూశాడు. నెరిసిన తల కనబడిన ప్రతిసారీ ఈవిడేనేమో టీచరు అనుకున్నాడు. తెలుసుకుని చేసేదేమీ లేదు, ఊరికే. జనం సీట్ల నంబర్లు చూసుకుంటూ వచ్చారు, పెట్టెలు పైకెత్తారు, కూర్చున్నారు. ఒకాయన అతని పక్క సీటు చూపించి, "ఇక్కడ ఎవరూ లేరుగా, మా బ్యాగు పెట్టుకోవచ్చా?" అని అడిగాడు. బ్యాగు కూడా ఏ క్షణాన లేచి వెళ్ళిపోతుందోనని అతనికి నవ్వొచ్చింది. పెట్టుకోమన్నాడు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి అలా పెట్టకూడదని దాన్ని తీయించేసింది.

విమానం పైకి లేచింది. అతనికి అది మొదటిసారి. కడుపులో ఏదో జారినట్టయితే, ఎవరితోనైనా ఆ సంగతి చెప్పాలనిపించి పక్కకి తిరిగాడు. ఖాళీ సీటు బెల్టు బకిల్ కనిపించింది. ఇంతవరకూ చేసిన జోకులన్నీ తన కోసం తను చేసుకున్నవేనని, అవి ఇక చాలవని తెలిసింది. కిటికీ వైపుకి తిరిగి మబ్బుల్ని చూస్తూ కూర్చున్నాడు.

బెల్టులు విప్పుకోవచ్చని చెప్పాక, ముందునుంచి ఒక పెద్దావిడ సీట్ల వీపులు ఒక్కొక్కటీ పట్టుకుంటూ వచ్చింది. భుజాన గుడ్డసంచీ. అతని వరుస దగ్గర ఆగింది.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా బాబూ?"

"లేరమ్మా."

"అయితే కూర్చుంటాను."

కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంది. తరువాత తల పైకెత్తి, "దీంట్లోంచి గాలి మొహాన కొడుతోంది" అంది. అతను లేచి పైనున్న గుండ్రటి మూత తిప్పి గాలి ఆపాడు. ఆవిడ మోచెయ్యి సీట్ల మధ్యనున్న చేతిపట్టీ మీద అతని మోచేతిని ఆనుకుంది. ఆవిడ తియ్యలేదు. అతనూ కదపలేదు.

ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది. మబ్బులు దూదిలా ఉంటాయంటారు గానీ ఏ దూదీ ఇంత శుభ్రంగా ఉండదంది. పక్కన కూర్చున్నవాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని నిద్రపోయాడని చెప్పింది. "ముప్పావు జీవితం ఆడపిల్లలకి సూదిలో దారం ఎక్కించడమే నేర్పాను. ఒక్కొక్కతీ వేలు పొడుచుకుని నా మీద ఏడ్చేది" అంది. అతను నవ్వాడు. నవ్వుతూ ఉండగానే అర్థమైంది. సూదీ, దారం, ముందు సీటు.

అతను చేతిపట్టీ మీదనుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈవిడకి తెలియదు. పొరపాటున వచ్చి కూర్చుంది. ఊరుకుంటే దిగేదాకా ఇలాగే మాట్లాడుతుంది. ఊరుకుంటే చాలు, అబద్ధం ఆడక్కర్లేదు కూడా. ఆ కాస్త సేపూ తన పక్కన ఒక మనిషి ఉంటుంది. అంత ఆశ పుట్టింది అతనికి. ఆవిడ ఏదో చెబుతోంది గానీ వినబడటం లేదు.

"అమ్మా" అన్నాడు చివరికి. "మీరు చూసుకోలేదనుకుంటాను. నేను చల్లగది వాణ్ణి. మీరు ఫోనులో సీటు మార్చుకున్నది నా పక్కనుంచే."

ఆవిడ మాట ఆపింది. ఆవిడ లేచిపోతుందనుకుని అతను కిటికీ వైపుకి ఒదిగాడు.

"తెలుసు" అంది ఆవిడ. "సీటు నంబరు చూసుకునే వచ్చాను."

అతను కిటికీ వైపునుంచి ఆవిడ వైపుకి తిరిగాడు.

"ఆ రోజు మీరు రాసింది చదివి సీటు మార్చేశాను. అసహ్యపడి కాదు. మీ పక్కన కూర్చుంటే ఎక్కడ అడిగేస్తానోనని భయం. అడిగితే మీరేం చెబుతారోనని ఇంకో భయం. అక్కడ కూర్చున్నానన్నమాటే గానీ వెనక్కే చూస్తున్నాను." గుడ్డసంచీ విప్పి, ఒక స్వెట్టరు తీసింది. బూడిదరంగుది, మోచేతుల దగ్గర మళ్ళీ అల్లిన మరమ్మతు ఉంది. "మా ఆయనది. ఎండాకాలంలో కూడా చలి అనే మనిషి. పోయినప్పుడు రాత్రికి ఆస్పత్రిలోనే, అలాంటి గదిలోనే ఉంచాలన్నారు. ఇది తీసుకెళ్ళి అక్కడ ఇచ్చాను, వెయ్యండి బాబూ అని. అలాగేనమ్మా అన్నారు. పొద్దున ఆయన వస్తువులతోపాటు మడతపెట్టి తిరిగిచ్చేశారు."

స్వెట్టరుని అతని చేతుల్లో పెట్టింది. బల్ల ఏదీ లేదు మధ్యలో. అతను రెండు చేతులతోనూ అందుకున్నాడు.

"వేశారా, వెయ్యలేదా నాయనా? ఇంట్లో వాళ్ళనడిగితే పిచ్చిదాన్నంటారు. ఆ రాత్రి నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. అదే నన్ను తినేస్తోంది."

వేసే ఉంటారమ్మా అనడానికి అరక్షణం చాలు. ఆవిడ మొహం ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది. అతను స్వెట్టరు చేతులు సరిచేస్తూ ఉండిపోయాడు.

"ఆ ఆస్పత్రి సంగతి నాకు తెలియదమ్మా. తెలియనిది తెలుసని ఎలా చెప్పను. తొడగడం మాత్రం కుదరదు, చేతులు బిగుసుకుపోతాయి. నేనైతే కప్పుతాను."

"ఎలా కప్పుతావు?"

మాటల్లో చెప్పడం అతనికి చేతకాలేదు. ఆ పనిని ఎప్పుడూ ఎవరికీ మాటల్లో చెప్పలేదు. స్వెట్టరుని ఒకసారి దులిపి, విప్పి, ఆవిడ మెడ కిందినుంచి ఒడి దాకా పరిచాడు. ఊలు ఎక్కడా మడతపడకుండా అరచేత్తో రాశాడు. స్వెట్టరు రెండు చేతుల్నీ ఆవిడ చేతుల మీదుగా కిందికి దించి, అంచులు భుజాల వెనక్కి దోపాడు. తొందరపడలేదు. చేస్తూ ఉండగానే, తను ఏం చేస్తున్నాడో తెలిసింది. బతికున్న మనిషికి ఇలా చెయ్యొచ్చా? చేతులు వెనక్కి తీసుకోబోయాడు.

"ఉండనీ" అంది ఆవిడ. కళ్ళు మూసుకుంది. "ఇలాగేనా?"

"ఇలాగేనమ్మా. అందరికీ."

"అక్కడా నీలాంటివాడే ఉండుంటాడు."

"ఉండుంటాడమ్మా."

మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదుగా జారాయి. ఆవిడ తుడుచుకోలేదు, చేతులు స్వెట్టరు కింద ఉన్నాయి. కాసేపటికి ఊపిరి కుదుటపడింది. నిద్రపోయిందని తెలిసింది. అతను ఆవిడ వైపే చూస్తూ కూర్చున్నాడు. గుండెల మీద ఊలు మెల్లగా లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది. అతను ఇన్నాళ్ళుగా కప్పినవాటిలో అలా కదిలింది అదొక్కటే. దానిమీదనుంచి చూపు తిప్పుకోవాలనిపించలేదు.

విమానం కిందికి దిగుతూ ఉండగా ఆవిడ ఉలిక్కిపడి లేచి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. చక్రాలు నేలకి తగిలి అదిరినప్పుడు ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆగాక కూడా వెంటనే వదల్లేదు.

జనం లేచి పెట్టెలు దించుకుంటున్నారు. ఆవిడ స్వెట్టరు మడిచి సంచీలో పెట్టుకుంది. నడవలోకి వెళ్ళి, వెనక్కి తిరిగి, చెయ్యెత్తింది.

"చల్లగా..." అని ఆగింది.

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. క్యాంటీన్లో ఆ చిన్న నర్సు మొహం అతని కళ్ళముందుకి వచ్చింది. వెనకనుంచి ఎవరో నడవమ్మా అంటున్నారు. ఆవిడ కదల్లేదు. సరైన రంగు దారం కోసం పెట్టెంతా వెతికే మనిషిలా ఒక్క క్షణం ఆలోచించింది.

"వెచ్చగా ఉండు నాయనా" అంది.

"అలాగేనమ్మా" అన్నాడతను. ఆవిడ ముందుకి నడిచింది. అతను కాసేపు ఆ ఖాళీ సీటు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది.